అరమీటరు ఎక్కువ తెచ్చుకో

మా మరదలికి వీధిలో ఉన్న పేరు అరమీటరమ్మ. ఎదురుగా అలా పిలిచే ధైర్యం ఒక్కరికీ లేదు, నాకు తప్ప. నేను ఆమె మొగుడికి అక్కని. తమ్ముడు పోయినంత మాత్రాన ఆడపడుచు హోదా పోదు కదా, అది నేను పోయాకే పోతుంది.

ముప్పై రెండేళ్ళుగా మా మరదలు ఆడవాళ్ళ డ్రెస్సులు కుడుతోంది. ఎవరు గుడ్డ తెచ్చినా వాళ్ళ చుట్టూ టేపు ఒక్కసారి తిప్పుతుంది, గుడ్డని బల్ల మీద పరుస్తుంది, పెదవి విరుస్తుంది. "చాలదమ్మా. ఇంకో అరమీటరు పట్రా." రెండున్నర తెస్తే మూడు కావాలి. మూడు తెస్తే మూడున్నర కావాలి. ఈ సంగతి కనిపెట్టిన ఒకావిడ తెలివిగా ముందే ఐదు మీటర్లు తెచ్చింది. మా మరదలు దాన్ని అటూ ఇటూ తిరగేసి, "పన్నా తక్కువమ్మా, ఇంత వెడల్పు లేని గుడ్డ నీకెవరు అంటగట్టారు?" అంది. ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్ళి ఇంకో అరమీటరు తెచ్చింది.

మరి కుట్టగా మిగిలింది ఏమయ్యేది? ఎవరైనా అడిగితే, "ఎక్కడ మిగిలిందమ్మా, ఒక్క పోగు మిగల్లేదు, అంతా పట్టేసింది" అనేది. అలా అనేటప్పుడు ఆ మొహం చూడాలి. పాపం, మిగలనందుకు మనకంటే ఆమెకే ఎక్కువ బాధేమో అనిపించేది. ఆ మాట మీదే ఆమె కొట్టు నడిచింది. వీధి చివర అద్దాల తలుపుల బొటీకు వెలిసింది, చల్లని గాలి యంత్రం, మెత్తని సోఫా. అయినా జనం మా గుమ్మమే ఎక్కారంటే, ఆమె చెయ్యి మంచిది, మాట మంచిది అనే నమ్మకం. ఆ నమ్మకం పోయిందా, ఆ మిషను మీద నేను నా దిండు గలీబులు కుట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అది పోబోయిన సంగతే ఇప్పుడు చెబుతున్నా.

కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. మా ఇంటి ముందుగదే. కిటికీ దగ్గర మిషను. మధ్యలో కత్తిరించే బల్ల, అది ఒకప్పుడు మా దొడ్డి తలుపు, ఇప్పటికీ గొళ్ళెం గుచ్చుకుంటుంది. మూలన తెర కట్టి, దాని వెనక ఒక అద్దం. ఆ అద్దంలో మెడ నుంచి మోకాలి దాకానే కనిపిస్తుంది. మొహం కనిపిస్తే బేరం తెగదని మా మరదలి అభిప్రాయం. బల్ల కింద నల్ల ట్రంకు పెట్టె, దానికి తాళం. గుమ్మం పక్కన నా కుర్చీ. పిన్నీసుతో నాడాలు ఎక్కించడం, హుక్కులూ గుండీలూ కుట్టడం, తప్పు కుట్లు విప్పడం, వచ్చినవాళ్ళని నాలుగు మాటలు అనడం నా ఉద్యోగం.

డ్రెస్సులన్నీ ఒకటే అనుకుంటారు తెలియనివాళ్ళు. నేను జన్మలో చీర తప్ప కట్టలేదు గాని ఆ కుర్చీలో కూర్చుని అన్ని ఫ్యాషన్లూ రావడం చూశాను, పోవడం చూశాను, పోయినవి సిగ్గు లేకుండా మళ్ళీ రావడమూ చూశాను. మొదట సల్వారు వచ్చింది. తొడల దగ్గర వదులు, చీలమండ దగ్గర బిగువు, ఏడాదికి నాలుగు కిలోలు పెరిగినా ఎవరికీ తెలియదు. దానికి పెద్దక్క పటియాలా. ఒక్క ప్యాంటుకే నాలుగు మీటర్ల గుడ్డ, నడుము నుంచి కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా జారుతుంది. గాలి వేస్తే మనిషి ఒక పక్కకీ ప్యాంటు ఒక పక్కకీ పోతాయి. మా మరదలికి పటియాలా అంటే ప్రాణం. ఎందుకో అప్పుడు తెలియలేదు. నాలుగు మీటర్లలో అరమీటరు కనపడకపోతే ఎవడు పట్టుకుంటాడు!

తర్వాత చుడీదారు. దానికి గుడ్డని ఏటవాలుగా కోయాలి, అప్పుడే సాగుతుంది. చీలమండ దగ్గర గాజులు దొంతర పెట్టినట్టు మడతలు పడాలి. అందం సరే, తొడగాలంటే పాదానికి ప్లాస్టిక్ సంచి వేసి జార్చాలి, విప్పాలంటే ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఆ పైన అనార్కలీ. రొమ్ము దాకా బిగువు, కింద గొడుగు. లిఫ్టులో ఒకావిడ ఎక్కితే ఇంకెవరూ పట్టరు. షరారాకీ ఘరారాకీ తేడా తెలియక మా గదిలోనే తల్లీకూతుళ్ళు జుట్లు పట్టుకోబోయారు. నేనే విడదీసి చెప్పాను, "మోకాలి దగ్గర అతుకుండి అక్కడి నుంచి విచ్చుకుంటే ఘరారా, నడుము నుంచే విచ్చుకుంటే షరారా, రెండూ వేసుకుని మెట్లెక్కితే మాత్రం పడేది ఒకే రకంగా" అని. ఇక ప్లాజో అంటారా, లంగాని మధ్యకి చీల్చి రెండు కాళ్ళకీ పంచారు, అంతే.

ఒక మాట ఒప్పుకోవాలి. ఎవరికి ఏది నప్పుతుందో మా మరదలికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఫోటో చూపించి ఇలా కుట్టమంటే కుట్టదు. ముందు స్టూలు మీద కూర్చోమంటుంది, లేవమంటుంది, గుమ్మం ఎక్కి దిగమంటుంది.

"నర్సమ్మా, నీకు అనార్కలీ వద్దు."

"అదేంటక్కా, అందరూ వేసుకుంటుంటే!"

"అందరూ మంచాల మధ్య పరుగెత్తరు. ఆ గొడుగు మంచం చక్రాల కింద పడిందంటే రోగి కంటే ముందు నిన్ను పడుకోబెట్టాలి."

టీచరమ్మ చేత చెయ్యి పైకెత్తించేది. "బోర్డు మీద రాస్తావు కదా. చంకలో వదులు లేకపోతే కుర్తీ మొత్తం పైకి లేస్తుంది. పిల్లలు పాఠం వదిలేసి నీ నడుం చూస్తారు." టీచరమ్మ సిగ్గుపడేది, ఇంకో అరమీటరు తెచ్చేది.

ఇంకో విద్య కూడా ఉంది. ఎదురింటి బొద్దమ్మ ఏడేళ్ళ కింద కుట్టించుకున్న డ్రెస్సు బిగువైపోయిందని మొహం వేలాడేసుకుని వస్తుంది. అదే రంగు, అదే పూల గుడ్డ ఎక్కడి నుంచో తెచ్చి చంకల కింద ముక్క వేసి రెండు వేళ్ళు వదులు చేసి ఇస్తుంది మా మరదలు. బొద్దమ్మ కళ్ళు తేలేసేది.

"ఎక్కడ దొరికిందక్కా ఇంత సరిగ్గా?"

"బజారంతా తిరిగా తల్లీ. చెప్పులు అరిగిపోయాయి."

ఆ మాటనే ఎదురు లేకుండా ఇరవై ఏళ్ళు వాడింది. నేనూ నమ్మాను. ఎందుకంటే ఆ రోజుల్లో నిజంగానే సంచి పట్టుకుని, ఎండలో గొడుగు వేసుకుని బయటికి పోయేది. వెనక వీధిలో చెల్లెలి ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని కబుర్లు చెప్పి వచ్చేదని నాకు తర్వాత తెలిసింది.

ఇలా సాగిపోతుండగా మా మరదలి కొడుక్కి పెళ్ళై కోడలొచ్చింది. కుట్టుపని మీద ఆరు నెలల కోర్సు చేసిన పిల్ల. వస్తూ వస్తూ తల లేని బొమ్మ ఒకటి తెచ్చింది, దానికి డ్రెస్సులు తొడగడానికి. మా మరదలు దాన్ని చూసి, "అద్దం చాలదా, మళ్ళీ ఇదొకటా, దీనికీ మొహం లేదు" అంది. కోడలు నవ్వింది. మంచి పిల్లే, కాని నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, ఫ్యూజన్.

"ఏంటే అది?" అన్నాను.

"కలపడం పెద్దత్తయ్యా. పాతదీ కొత్తదీ కలపడం. పైన షర్టు కాలరు, కింద ధోతీ ప్యాంటు. అనార్కలీ మీద జీన్సు గుడ్డ జాకెట్టు. చెయ్యి ఒక గుడ్డ, వీపు ఇంకో గుడ్డ."

"మా కాలంలో గుడ్డ చాలకపోతే అలా చేసేవాళ్ళం."

"ఇప్పుడు కావాలనే చేస్తారు."

"ఓహో. అప్పుడు దరిద్రం, ఇప్పుడు డిజైను."

కోడలికి కోపం రాలేదు. పెద్దదాన్ని కదా అని ఊరుకుంది. ఆమె బాధల్లా ఒకటే, అత్తగారు కత్తెర ముట్టుకోనివ్వదు. పెళ్ళై ఏడాదైనా గుండీలు కుట్టడం దగ్గరే ఆపింది. ఆ గదిలో గుండీలు నావి. ఒక గదిలో ఇద్దరు గుండీల వాళ్ళెందుకు?

అంతలో మా మరదలికి కంట్లో పొర వచ్చింది. ఆపరేషను చేయించుకుని, పది రోజులు కూతురి దగ్గర ఉండి వస్తానంది. బయల్దేరేటప్పుడు ట్రంకు పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"వదినా, ఇది నీ దగ్గరుంచు. తెరవొద్దు."

నాకు ఈ వయసులో తెరవొద్దని చెప్పడమంటే ఏమిటి! మూడు రోజులు ఆగాను. నా నిగ్రహం అంతవరకే. నాలుగో రోజు కోడలు లైనింగు గుడ్డ కోసం వెతుకుతుంటే, "ఆ పెట్టెలో ఉందేమో చూడు" అని తాళంచెవి నేనే ఇచ్చాను. లోపల నగలుంటాయనుకున్నాను. మా అమ్మ గొలుసు ఒకటి కనపడకుండా పోయి చాలా ఏళ్ళయింది.

నగలు లేవు. మూటలు. చిన్నా పెద్దా అన్నీ కలిపి నూటికి పైగా మూటలు, ఒక్కోటి గుడ్డ అంచు పీలికతో కట్టి ఉంది. ప్రతి మూట పైనా ఒక గుండీయో, పూసో కుట్టి ఉంది. మా మరదలికి పేర్లు రాయడం రాదు. ఏ డ్రెస్సు ముక్క అయితే ఆ డ్రెస్సు గుండీ ఒకటి దాని మీద కుట్టుకుంది. ఆమె పుస్తకం అదే. వీధిలో ఆడవాళ్ళందరూ ఆ పెట్టెలో మడతలు పెట్టి ఉన్నారు. టీచరమ్మ పసుప్పచ్చ సిల్కు, నర్సమ్మ ఆకుపచ్చ క్రేపు, బొద్దమ్మ పూల జార్జెట్టు, అన్నీ నేను హుక్కులు కుట్టినవే. గుర్తుపట్టకపోవడమేం!

"అమ్మో, ఎంత గుడ్డ!" అంది కోడలు. ఆమె కళ్ళు వెలిగాయి.

"ఇవన్నీ వీధివాళ్ళవే. జాగ్రత్త" అన్నాను. అన్నాను అని గుర్తుంచుకోండి.

"పదేళ్ళ పాత ముక్కలు ఎవరికి గుర్తుంటాయి పెద్దత్తయ్యా? ఊరికే పురుగులు కొట్టేస్తాయి."

నేను ఇంకోసారి చెప్పి ఉండాల్సింది. కాని ఆ పాటికి నా చెయ్యి పెట్టె అడుగున ఉన్న మూట మీద పడింది. పీలిక విప్పాను.

అవి చేతులు. ఎర్ర గులాబీలు వేసిన రెండు చేతులు, విప్పదీసినవి. ముప్పై రెండేళ్ళ కింద మా పెద్దమ్మాయి కాలేజీలో చేరినప్పుడు, మా మరదలు కుట్టిన మొట్టమొదటి డ్రెస్సు. ఆ గుడ్డలో పువ్వులన్నీ పైకి చూసే పువ్వులు. ఒంటికి సరిగ్గానే కోసింది, చేతులు మాత్రం గుడ్డ తిప్పి కోసేసింది. ఒంటి మీద గులాబీలు నిలబడ్డాయి, చేతుల మీద తలకిందులుగా వేలాడాయి. మళ్ళీ కోద్దామంటే జానెడు గుడ్డ లేదు, బజార్లోనూ అయిపోయింది. ఆఖరికి తెల్ల చేతులు వేసింది. మా అమ్మాయి ఏమీ అనలేదు. అన్నదంతా నేనే. పెళ్ళిళ్ళలో, పేరంటాళ్ళ ముందు, ఎవరు కనిపిస్తే వాళ్ళకి, "మా మరదలు పువ్వులు రాలిపోయేట్టు కుడుతుంది" అని ఎన్నేళ్ళు చెప్పానో నాకే లెక్క లేదు. జనం నవ్వేవాళ్ళు. బాగా చెప్తానని నాకు పేరు.

ఆ తర్వాతే ఆమె అరమీటరు ఎక్కువ అడగడం మొదలుపెట్టింది. నా నాలుక పొడవు అరమీటరని ఆ రోజు తెలిసింది. ఆ చేతుల్ని మాత్రం కోడలి కంట పడకుండా నా కుర్చీ దిండు కింద దోపేశాను.

కోడలు ఆరు రోజులు మిషను దిగలేదు. ఎనిమిది డ్రెస్సులు కుట్టింది. షర్టు కాలరుతో పటియాలా ఒకటి, పొట్టి కోటుతో షరారా ఒకటి, ఒక కాలు ఒక రంగు ఇంకో కాలు ఇంకో రంగు ప్లాజో ఒకటి. ఒక్కోదాంట్లో ఐదారుగురి ముక్కలు. మూటల మీది గుండీలు కూడా వదల్లేదు, అందానికని గుండెల మీద వరసగా కుట్టేసింది. ఫోనులో వీధి మొత్తానికి కబురు పెట్టింది: పాతదనం, కొత్తదనం కలిసిన ఫ్యూజన్ సూట్లు, ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి.

తొమ్మిదింటికి గది నిండిపోయింది. తాడు మీద డ్రెస్సులు వేలాడుతున్నాయి, ఒకటి బొమ్మ మీద ఉంది. నేను కుర్చీలో దేవుణ్ణి తలుచుకుంటున్నాను. టీచరమ్మ ఒక డ్రెస్సు చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది.

"ఈ రంగు నాకెక్కడో చూసినట్టుందే."

"ఈ ఏడాది ఫ్యాషన్ ఆంటీ. అంతటా ఇదే రంగు" అంది కోడలు.

అప్పుడు బొద్దమ్మ ఒక కాలరు దగ్గరికి మొహం పెట్టింది. అక్కడ చేప ఆకారంలో ఒక గుండీ.

"ఈ గుండీ... మా అన్నయ్య ఓడ మీద పని చేసేటప్పుడు ఆరు తెచ్చాడు. నా డ్రెస్సుకి ఐదే ఉన్నాయి. ఆరోది మిషను కిందికి దొర్లిపోయిందని చెప్పింది అక్క."

"చేపలు చాలా ఉంటాయి ఆంటీ సముద్రంలో" అంది కోడలు. ఆ మాట అక్కడితో ఆగిపోయేదే. పిల్ల నెట్టుకొచ్చేదే. సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది.

మా మరదలు. మంగళవారం రావాల్సిన మనిషి ఆదివారం దిగింది. కంటికి దూది, దాని మీద నల్ల కళ్ళద్దాలు. రెండో కంటికీ అసలే అంతంతమాత్రం చూపు. గదిలో రంగులు వేలాడుతున్నాయని తెలిసింది గాని మనుషులున్నారని తెలియలేదు. అందరూ కూడబలుక్కున్నట్టు నోరు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఎందుకో నన్నడక్కండి.

నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి వేసి తడిమింది. కోడలు, "అత్తయ్యా, లోపలికి రండి, మందు వేసుకోవాలి" అంటూ లాగబోయింది.

"ఉండవే. ఏంటిది?" వేళ్ళతో గుడ్డ అంచు నలిపి చూసింది. "ఇది టీచరమ్మ సిల్కు. పటియాలాకి తెచ్చింది. ముప్పావు మీటరు మిగిలింది."

ఆమె చెయ్యి పక్కకి జరిగింది.

"దీని పక్కన ఇది... నర్సమ్మ క్రేపు. చుడీదారుది. రెండు జానలు. ఈ వీపు బొద్దమ్మ జార్జెట్టు, అనార్కలీది, దీంట్లో మీటరుంది."

"అత్తయ్యా! అత్తయ్యా!"

"అరవకు! సిల్కు పక్కన క్రేపు ఎవరు కుట్టమన్నారే నిన్ను? ఒక్క ఉతుకు పడిందంటే క్రేపు ముడుచుకుంటుంది, సిల్కు ముడుచుకోదు. వేసుకున్నదాని మెడ పక్కకి తిరిగిపోతుంది. ఆరు నెలలు ఏం నేర్పారు నీకు, బొమ్మకి బట్టలు తొడగడమా?"

"అక్కా" అంది టీచరమ్మ, బళ్ళో పిలిచినట్టు గట్టిగా. "మేమందరం ఇక్కడే ఉన్నాం."

మా మరదలి చెయ్యి ఆ గుడ్డ మీదే ఉండిపోయింది.

"ముప్పావు మీటరా అక్కా? నాకు ఒక్క పోగు కూడా మిగల్లేదన్నావు!"

"నాకైతే చాల్లేదని చెయ్యి పొట్టిగా కుట్టావు!" అంది బొద్దమ్మ.

నర్సమ్మకి అందరికంటే ఆలస్యంగా వెలిగింది, వెలిగాక మండింది. "మరి బజారంతా తిరిగానన్నావు. చెప్పులు అరిగిపోయాయన్నావు. పాపమని నీకు కొత్త చెప్పులు కొనిచ్చాను కదా!"

నాకు నవ్వు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నర్సమ్మ నా వైపు తిరిగింది. "మామ్మగారూ, మీకూ తెలుసా?"

"నాకు చెప్పులెవరూ కొనివ్వలేదమ్మా" అన్నాను.

మా మరదలు నల్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఆమె ఏడిచే రకం కాదు.

"తీశాను. నిజమే. ఒక్క ముక్క అమ్ముకున్నానా? ఒక్క ముక్క ఒంటి మీద వేసుకున్నానా? నా జాకెట్టు చూడండి, రంగు వెలిసి ఏదో కూడా తెలియడం లేదు. బొద్దమ్మా, నీ చంకల కింద నాలుగుసార్లు వేసిన ముక్కలు ఎక్కడివనుకున్నావు, చెట్టుకి కాశాయా?"

"అడిగి ఉంచుకోవచ్చు కదా?"

"అడిగితే ఇచ్చేదానివా? ముక్క ఇంటికి పట్టుకెళ్ళి గ్యాసు పొయ్యి తుడిచేదానివి."

బొద్దమ్మ నిజంగానే తుడిచే మనిషి.

"అంత దాచుకోవడం దేనికక్కా?" అంది టీచరమ్మ.

మా మరదలు ఇంతసేపట్లో మొదటిసారి గొంతు తగ్గించింది. "చెయ్యి తప్పుతుందని భయం. ఒకసారి తప్పింది." అని నా కుర్చీ వైపు చూసింది. కళ్ళు సరిగా కనపడకపోయినా నేనెక్కడ కూర్చుంటానో ఆమెకు తెలుసు.

దిండు కింద నుంచి ఆ చేతులు తీసి బల్ల మీద పెట్టాను. తలకిందుల గులాబీలు. సంగతి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. బహుశా నేను సరిగా చెప్పలేదేమో.

అలా అని ఎవరి గుండెలూ కరిగిపోలేదు. "అదంతా సరే, మా ముక్కలు మాకిచ్చెయ్యి" అన్నారు. ఇచ్చేదెలా? కుట్టేశాక ముక్క ముక్కలా ఉంటుందా? అప్పుడు మొదలైంది అసలు గోల.

"ఈ కుర్తీలో రెండు చేతులూ నావే, ఇది నాకు."

"వీపు నాది! వీపు లేకుండా చేతులు ఎక్కడ తగిలించుకుంటావు?"

"కాలరు ముట్టుకోకు, చేప నాది."

గంటసేపు లాక్కుని ఎనిమిది డ్రెస్సులూ ఎనిమిది మంది పట్టుకుపోయారు. ఎవరికి దక్కిందాంట్లో వాళ్ళ ముక్క లేదని ఇళ్ళకి వెళ్ళాక తెలిసింది. పోతూ పోతూ టీచరమ్మ గుమ్మంలో ఆగి, "ఇక్కడ గుడ్డ ఇవ్వాలంటే ఇకమీదట ఆలోచించాలి" అంది. అక్కడ కొట్టు మూతపడ్డట్టే.

మూడు వారాలు ఒక్కరూ రాలేదు. బొటీకు అద్దాల తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం మా గుమ్మంలోంచి కనిపించేది. మా మరదలు మిషనుకి గుడ్డ కప్పేసింది. కోడలు తలదించుకుని తిరిగేది. ఒక పొద్దున్న అత్తగారు ఆమెను పిలిచి కత్తెర చేతిలో పెట్టింది. "సిల్కు పక్కన ఏది కుట్టాలో చెప్తాను, కూర్చో. ఎలాగూ పాడవడానికి గుడ్డలు రావడం లేదుగా." ఆమె ప్రేమ అలాగే ఉంటుంది.

నాలుగో వారం బొద్దమ్మ వచ్చింది. అనార్కలీ చంకల దగ్గర పిగిలింది. బొటీకులో చూపిస్తే అలాంటి గుడ్డ ఇక దొరకదు, పారెయ్యండి అన్నారట. ఎలా కూర్చుంటావని కూడా అడగలేదట.

"ముక్కేమైనా ఉందా అక్కా?"

"లేదు. కోడలు దాన్ని వీపు చేసింది. ఆ వీపు నర్సమ్మ దగ్గరుంది. వెళ్ళి అడుగు."

బొద్దమ్మ నిజంగానే వెళ్ళి అడిగింది. నర్సమ్మ, "నా వీపు నేనివ్వను" అందట. ఉత్తచేతులతో తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది. "కొత్తది కుట్టించుకుంటాను. ఎంత తేవాలి?" అంది.

"మూడు చాలు."

ముప్పై రెండేళ్ళలో ఆ నోటి నుంచి చాలు అనే మాట నేను వినడం అదే మొదలు. పిన్నీసు వేలికి గుచ్చుకుంది.

బొద్దమ్మ మూడున్నర తెచ్చింది. మా మరదలు ఆమెను ఎదురుగా నిలబెట్టి కోసింది, కుట్టింది. మిగిలిన ముక్క నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టింది. "ఇదిగో, నీది."

బొద్దమ్మ డ్రెస్సు సంచిలో పెట్టుకుంది, గుమ్మం దిగింది, వీధి దాటింది. ముక్క బల్ల మీదే ఉంది, టేపు కింద.

"ఏమ్మా, ముక్క మర్చిపోయావు!" అని నేను కేకేశాను.

"అయ్యో, మర్చేపోయాను మామ్మగారూ. ఉండనివ్వండి, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాను." వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు.

ఆ నెలలో టీచరమ్మా మర్చిపోయింది. నర్సమ్మ మర్చిపోయింది. వీధిలో ఉన్నట్టుండి ఆడవాళ్ళందరికీ మతిమరుపు పట్టుకుంది. మా మరదలు ఎవరినీ వెనక్కి పిలవలేదు. ఒక్కో ముక్క మీద ఒక్కో గుండీ కుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఈసారి తాళంచెవి నా చేతికివ్వలేదు. కోడలికిచ్చింది. నన్ను చూసే ఇచ్చింది.

ఆ గులాబీ చేతులు కూడా మళ్ళీ పెట్టె అడుగుకే పోయాయి. పారెయ్యవే అన్నాను. "నువ్వున్నంతకాలం ఉండాలి వదినా" అంది.

మొన్న నర్సమ్మ వచ్చింది. కొత్త కుర్తీ చెయ్యి తలుపు గొళ్ళేనికి పట్టుకుని చిరిగింది. ఆ గుడ్డ ముక్క పెట్టెలో ఉందని ఆమెకు తెలుసు, మాకు తెలుసు, ఆ తల లేని బొమ్మకి కూడా తెలుసు. మా మరదలు చిరుగు చూసింది, పెదవి విరిచింది, మేకుకి ఉన్న సంచి తీసుకుంది.

"కష్టం నర్సమ్మా. బజారంతా తిరగాలి."

నర్సమ్మ మొహంలో ఒక్క నరం కదల్లేదు.

"తిరుగు అక్కా. చెప్పులు మాత్రం ఈసారి నువ్వే కొనుక్కో."